అపరాధము – క్షమాపణము

తిరుమల శ్రీవేంకటేశ్వరస్వామివారి ఆలయమున ప్రతి సంవత్సరము శ్రావణమాసమందు మూడు దినములు పవిత్రోత్సవము జరుగుచున్నది. పూర్వకాలమున జరిగి, నడుమ నిలిచిపోయిన ఈ ఉత్సవమును తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1962లో పునరుద్ధరించిరి. నూలుతో పేనిన పవిత్రమాలలను స్వామికి సమర్పించుట ఇందలి ముఖ్యకార్యము. సంవత్సరకాలమున అర్చనయందును ఉత్సవములయందును, అర్చకులవలన గాని, పరిచారకులవలన గాని, యాత్రికులవలన గాని, తెలిసియు తెలియకయు దొరలిన లోపములకు ఇది పరిహారముగ విధింపబడినది.

ఈ ఉత్సవమునందు గృహస్థులు గ్రహింపదగిన విశేషమొకటి కలదు. చిన్ననాటినుండి ఆగమమును అభ్యసించి, నియమనిష్ఠలతో స్వామిని సేవించువారి కైంకర్యమునందు సైతము పొరపాటు దొరలుట సహజమని శాస్త్రము ముందుగనే అంగీకరించినది. లోపము జరుగనే జరుగదని చెప్పలేదు. జరిగినదానిని కప్పిపుచ్చుమనియు చెప్పలేదు. దానిని ఒప్పుకొనుటకొక కాలమును, సరిదిద్దుకొనుటకొక విధిని ఏర్పరచినది. దేవాలయముననే ఇట్లుండగా, నిత్యము నలుగురితో కలసి మెలసి యుండు సంసారమున చేయి జారదా? మాట తూలదా? కనుక పొరపాటు జరిగినదా లేదా యనునది ముఖ్యప్రశ్న కాదు. జరిగిన పిదప మనుష్యుడు ఏమి చేయుననునదే ముఖ్యప్రశ్న.

అట్టి పొరపాటులలో పైకి మిక్కిలి స్వల్పముగ కనబడి, మనస్సును మాత్రము చాల కలతపెట్టునది యొకటి కలదు. స్నేహితులు తమ చేతులతో శ్రమపడి చేసిన వస్తువు తన చేతిలో పగులుట. అది అల్లిన బుట్ట కావచ్చును, కుట్టిన తోరణము కావచ్చును, చెక్కిన బొమ్మ కావచ్చును. అంగడిలో కొన్న వస్తువు పగిలిన మరియొకటి కొనవచ్చును. చేతితో చేసిన వస్తువునందు చేసినవారి దినములు ఇమిడియుండును. పోయిన దినములను కొనితెచ్చు ధనము లోకమున లేదు.

ఒక దృష్టాంతమును తీసికొందము. విజయవాడకు సమీపముననున్న కొండపల్లి బొమ్మలకు ప్రసిద్ధి. అచ్చటివారు తెల్లపొణికి యను తేలికచెక్కతో బొమ్మలు చేయుదురు. తల, మొండెము, చేతులు మున్నగువానిని వేరువేరుగ చెక్కి, చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపి చేసిన మక్కుతో అతుకుదురు. పైన సున్నము పూసి, అది ఆరిన పిదప సన్నని కుంచెతో రంగులు వేయుదురు. అట్టి పనివారిలో ఒకామె తన బాల్యస్నేహితురాలి యింటి సంక్రాంతి కొలువుకొరకు దశావతారముల బొమ్మలను ప్రత్యేకముగ చేసి యిచ్చినదనుకొందము. అమ్మకమునకు చేసినవి కావు. పగటి పని ముగిసిన పిదప దీపము వెలుగున కూర్చుండి, ఒక్కొక్క అవతారమునకు కన్నులు దిద్ది చేసినవి.

మరుసటి యేడు పండుగ రాబోవుచుండగా ఆ గృహిణి పెట్టె తెరచి బొమ్మలను తుడుచుచున్నది. శ్రీకృష్ణుని బొమ్మ చేయి జారి నేలబడినది. వేణువు పట్టిన చేయి విరిగినది. ఎవ్వరును చూడలేదు. మూడవనాడు పేరంటమునకు ఆ స్నేహితురాలే రానున్నది.

ఇట్టి సమయమున మనస్సు మూడు మార్గములను చూపును. మొదటిది, విరిగిన బొమ్మను వెనుక వరుసలో నిలిపి, ముందు పూలు పెట్టి కప్పివేయుట. రెండవది, అంగడికి పోయి అట్టిదే మరియొక కృష్ణుని కొనితెచ్చి ఆ స్థానమున నిలుపుట. మూడవది, "పిల్లవాడు పడవేసినా"డని చెప్పుట. ఈ మూడింటిలో మొదటిది మౌనముతో చేయు అసత్యము. రెండవది ధనముతో చేయు అసత్యము. మూడవది అన్నిటికంటె హీనమైనది; ఏలయన, అది నిర్దోషియైన శిశువుపై దోషమును మోపుటయే గాక, దోషము చేసినపుడు ఏమి చేయవలెనో ఆ శిశువునకు తప్పుడు పాఠము నేర్పును.

ఇక్కడ శ్రీవైష్ణవాచార్యులు చూపిన వివేకమును స్మరింపవలెను. బ్రహ్మసూత్రముల నాలుగవ అధ్యాయమున, బ్రహ్మవిద్యానిష్ఠునకు పూర్వపాపములు నశించుననియు, తరువాతి పాపములు అంటవనియు చెప్పబడినది. దీనిని వివరించుచు భగవద్రామానుజులు శ్రీభాష్యమున, ఈ అంటకపోవుట ప్రామాదికములగు పాపములకే అనగా ఏమరుపాటున జరిగినవానికే వర్తించునని నిర్ణయించిరి. తెలిసి, కోరి చేసినదానికి ఆ మినహాయింపు లేదు. శ్రీవేదాంతదేశికులును రహస్యత్రయసారమున అపరాధపరిహారమును గూర్చి ఒక అధికారమునే రచించి, శరణాగతుడు సైతము బుద్ధిపూర్వకముగ చేసిన దోషమును ఉపేక్షింపరాదని బోధించిరి.

ఈ విభాగమును ఆ గృహిణి విషయమున అన్వయించి చూచినచో సత్యము తేటపడును. బొమ్మ జారుట ప్రామాదికము. అందులకు ఆమెను ఏ శాస్త్రమును నిందింపదు. కాని పూలు తెచ్చి ఆ బొమ్మముందు పెట్టినపుడు ఆమె చేయి జారలేదు. అంగడికి నడచినపుడు ఆమె కాలు జారలేదు. "పిల్లవా"డని పలికినపుడు ఆమె నాలుక జారలేదు. అవి యన్నియు తెలిసి చేసినవి. విరుగుట ప్రమాదము, దాచుట బుద్ధిపూర్వకము. దోషము కాని దానిని దాచబోయి, మనుష్యుడు లేని దోషమును తెచ్చుకొనుచున్నాడు. ఒక్క క్షణకాలమున ముగిసిపోవలసిన పొరపాటును, ప్రతి పండుగకును మరల మరల చేయవలసిన అపరాధముగ మార్చుకొనుచున్నాడు.

కొందరు భక్తులు ఇట్టి సందర్భమున, "స్వామికి మ్రొక్కుకొందము, దీపము వెలిగింతుము, ఆయన క్షమించు"నని తలంతురు. స్వామి దయాసముద్రుడనుట సత్యమే. కాని ఒకరికి చేసిన అపరాధమును మరియొకరిచే క్షమింపజేసికొనుట స్వామికి సమ్మతము కాదు. శ్రీమద్భాగవత నవమస్కంధమునందలి అంబరీషోపాఖ్యానము దీనిని చాటుచున్నది. అంబరీషుడు ద్వాదశీవ్రతము ముగించి పారణ చేయనుండగా దుర్వాసుడు అతిథిగ వచ్చెను. స్నానమునకు యమునకు పోయిన ముని తిరిగి రాకముందే ద్వాదశి గడియలు ముగియవచ్చెను. వ్రతభంగము కాకుండునట్లు రాజు జలమును మాత్రము స్వీకరించెను. దానికే కోపించి దుర్వాసుడు జట నుండి కృత్యను సృష్టించి రాజుపైకి పంపెను. సుదర్శనము దానిని దహించి మునినే తరుమజొచ్చెను.

దుర్వాసుడు బ్రహ్మకడకు పరుగెత్తెను, శివునికడకు పరుగెత్తెను, తుదకు వైకుంఠమునకే పోయి శ్రీమన్నారాయణుని పాదములపై బడెను. స్వామి అతనిని కఠినముగ త్రోసిపుచ్చలేదు. అట్లని క్షమించియు వేయలేదు. తాను భక్తులకు అధీనుడనని తెలిపి, ఎవరికి అపకారము జరిగినదో ఆ అంబరీషునికడకే పొమ్మని మార్గము చూపెను. మూడులోకములు తిరిగిన మునికి తుదకు పరిహారము దొరకినది, తాను బయలుదేరిన యింటనే.

దుర్వాసుడు చేసినది ఏమరుపాటు కాదు, క్రోధముతో చేసినది. అంత ఘోరమైన అపరాధమునకే ఒక నమస్కారముతో నివృత్తి కలిగినపుడు, చేయి జారి జరిగినదానికి కలుగదా? కాని ఆ నమస్కారమును వైకుంఠమున గాక అంబరీషుని వాకిట చేయవలెను. శ్రీపిళ్ళైలోకాచార్యులు శ్రీవచనభూషణమున అకృత్యకరణము, భగవదపచారము, భాగవతాపచారము, అసహ్యాపచారము అని దోషములను నాలుగు విధములుగ విభజించి, ఒకదానికంటె ఒకటి క్రూరమైనదని చెప్పిరి. స్వామియెడ జరిగిన అపచారముకంటె, స్వామిభక్తునియెడ జరిగినది హెచ్చని ఇందువలన విదితమగుచున్నది. బొమ్మ విరుగుట అపచారము కాదు. ప్రేమతో బొమ్మ చేసి యిచ్చిన భక్తురాలిని మోసగించుట అపచారము.

"క్రొత్తది కొని యిచ్చిన సరిపోదా?" యని యొక ప్రశ్న. దీనికి వేంకటాచలక్షేత్రమునందే సమాధానము కలదు. తొండమాన్ చక్రవర్తి స్వామిని బంగారుపూలతో అర్చించుచుండెను. ఆ పూలకు పైగా మట్టిపూలు కనబడజొచ్చెను. అవి ఎక్కడివని విచారింపగా, ఒక కుమ్మరి కుండలు చేయుచు, చేతికంటిన మట్టితోనే పూలు చేసి, తన యింటనే స్వామిని అర్చించుచున్నాడని తెలియవచ్చెను. ఆ కుమ్మరియే కురువనంబి యని ప్రసిద్ధుడు. స్వామి ఆ మట్టిని బంగారమునకు పైన నిలిపెను. తూకమున బంగారము హెచ్చు. స్వామి తూకమున చేతిపని హెచ్చు. కనుక చేతిపనికి వెల కట్టి, "ఇంత యిచ్చెదను, సరిపోయిన"దనుట, మట్టిపూలకు బంగారుపూలను మారకమీయ జూచుటవంటిది. వెల ఇచ్చుట తప్పు కాదు. వస్తువు జీవనాధారమైనపుడు వెల ఇచ్చియే తీరవలెను. కాని క్షమాపణమునకు బదులుగ వెల ఇచ్చుట తప్పు.

అట్లయిన చేయవలసినదేమి? తిరుమలలో ప్రసిద్ధుడైన అనంతాళ్వాన్ చరిత్రలో రెండు ఘట్టములు ఇందుకు దారి చూపును. శ్రీరంగమున భగవద్రామానుజులు, తిరుమలకు పోయి స్వామికి పుష్పకైంకర్యము చేయగలవారెవరని శిష్యులనడుగగా, ముందుకు వచ్చినవాడు అనంతాళ్వాన్ ఒక్కడే. ఆయన భార్యాసమేతుడై తిరుమల చేరి, ఆచార్యుల పేర పూదోట పెంచెను. తోటకు నీటికొరకు చెరువు త్రవ్వెను. త్రవ్వుట ఆయన వంతు. గంపతో మట్టి మోయుట గర్భవతియైన ఆయన భార్య వంతు. ఒక బాలుడు వచ్చి ఆమెకు సాయపడజొచ్చెను. ఇతరుల సాయము పొందరాదను పట్టుదలతో అనంతాళ్వాన్ కోపించి చేతిలోని గునపమును విసరెను. అది బాలుని గడ్డమునకు తగిలెను. బాలుడు మాయమయ్యెను. పిదప ఆలయమున స్వామి గడ్డమునుండి రక్తము కారుచుండుట చూచి, ఆ బాలుడెవరో ఆయన గ్రహించెను. విలపించుచు ఆ గాయమునకు పచ్చకర్పూరమునద్దెను. నేటికిని మూలమూర్తి గడ్డమున కర్పూరము అలంకరింపబడుచునే యున్నది. ఆ గునపము ఆలయ మహాద్వారమున వ్రేలాడుచు యాత్రికులకు కనబడుచునే యున్నది.

ఇది చిత్రమైన విషయము. లోకములో దోషము జరిగిన పనిముట్టును దాచివేయుదురు. ఇచ్చట దానిని స్వామి వాకిటనే అందరికిని కనబడునట్లు ఉంచిరి. దానిని చూచి అనంతాళ్వానుని నిందించిన భక్తుడొక్కడును లేడు. దాచని దోషము నిందకు గాక, భక్తికే స్మారకమైనది.

రెండవ ఘట్టమున దోషము స్వామివైపునుండి జరిగెను. రాత్రులయందు దివ్యదంపతులు ఆ తోటకు వచ్చి పూలు కోసికొని, విహరించి, తోటను చిందరవందర చేసి పోవుచుండిరి. తన చేతులతో పెంచిన తోట చెడుట చూచి అనంతాళ్వాన్ ఒకనాటి రాత్రి కాచియుండి వారిని పట్టుకొనెను. స్వామి తప్పించుకొని అప్రదక్షిణముగ పరుగెత్తెను. అమ్మవారు మాత్రము చిక్కి సంపెంగచెట్టునకు బంధింపబడెను. తెల్లవారిన పిదప నిజము తెలిసి, ఆయన అమ్మవారిని పూలబుట్టలో కూర్చుండబెట్టి కుమార్తెనువలె స్వామిసన్నిధికి కొనిపోయెనని సంప్రదాయము. దీనికి గుర్తుగ, వార్షికబ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు బాగ్ సవారి యను ఉత్సవము జరుగును. మలయప్పస్వామి నాడు పరుగెత్తినట్లే అప్రదక్షిణముగ అనంతాళ్వాన్ తోటకు వేంచేయును.

సర్వలోకములును ఎవనివో, ఆ స్వామికి ఒక తోటలోని పూలు లెక్కయా? అయినను ఆయన ఆ దినమును మరుగుపరుపలేదు. ప్రతి సంవత్సరమును ఆ తోటకే తరలిపోవుచున్నాడు. పాడైన చేతిపని యున్న చోటికి, చేసినవారి కడకు తానే నడచి పోవలెననుట దీనివలన గ్రహింపవలసిన నీతి. ఎవరినో పంపుట కాదు, వారు వచ్చి కనుగొనువరకు వేచియుండుట కాదు.

ఆ గృహిణియు అట్లే చేయవలెను. పేరంటపుదినమునకు ముందే, విరిగిన బొమ్మను, విరిగిన చేతిని గూడ ఒక గుడ్డలో చుట్టుకొని, స్నేహితురాలి యింటికి తానే పోవలెను. "అక్కా, నీవు చేసిన కృష్ణుని చేయి నా చేతిలోనే విరిగినది. నీవెంత శ్రమపడితివో నాకు తెలియును. నన్ను క్షమింపుము" అని పలుకవలెను. ఈ మూడు మాటలు చాలును. నేల తడిగ నున్నదనియు, పిల్లి దూకినదనియు, పెట్టెలోనే కొంత బీట వారియుండెననియు చెప్పనారంభించినచో, క్షమాపణము వాదముగ మారును. ఒక్కొక్క సాకు చేర్చిన కొలదియు క్షమాపణము తగ్గుచుండును. పిదప, "దీనినేమి చేయుదము?" అని ఆమెనే అడుగవలెను. బొమ్మను గూర్చి నిర్ణయించు అధికారము చేసినవారిది.

చేసినవారికిని ఒక ధర్మము కలదు. వెనువెంటనే "పోనిమ్ము, అదెంత!" అని తేలికగ త్రోసివేయుట ఔదార్యమువలె కనబడును. కాని అది తన శ్రమను తానే తక్కువ చేసికొనుట. వచ్చినవారి పశ్చాత్తాపమును గూడ తక్కువ చేయుట. ఒక్క క్షణము బాధపడుట దోషము కాదు. ఆ బొమ్మను చేతిలోనికి తీసికొని చూచి, "కన్నులు దిద్దుటకే నాకు రెండు రాత్రులు పట్టినది చెల్లీ" అనినను దోషము లేదు. అటుపిమ్మట మనసార క్షమింపవలెను. క్షమించిన పిదప ఆ మాటను మరల ఎత్తరాదు, ఇతరులకు చెప్పరాదు, వేరొక తగవున దానిని బాణముగ తీయరాదు.

అంబరీషుడు ఇందుకు ఆదర్శము. దుర్వాసుడు తిరిగి వచ్చుటకు సంవత్సరము పట్టినది. అంతకాలమును ఆ రాజు అతిథి భుజింపకుండ తాను భుజింపరాదని, జలమాత్రముతోనే వేచియుండెను. ముని వచ్చి పాదములపై బడగా ఆయన సంతోషింపలేదు, సిగ్గుపడెను. తన పుణ్యమును పణముగ నొడ్డి, మునిని విడువుమని సుదర్శనమును ప్రార్థించెను. పిదప మునికి భోజనము పెట్టి, తాను భుజించెను. క్షమ పూర్ణమైనదనుటకు గుర్తు ఇదియే: ఇరువురును ఒక్కచోట కూర్చుండి అన్నము తినగలుగుట.

కొన్ని సమయములందు వస్తువును చేసినవారు పరమపదించియుందురు. అప్పుడు ఆ వస్తువు పగిలిన దుఃఖము ఇనుమడించును; ఏలయన, ఆ చేయి మరల మరియొకటి చేయదు. అట్టి సందర్భమున వారి బిడ్డలకైనను, తోబుట్టువులకైనను నిజము చెప్పవలెను. వస్తువును పారవేయక, మిగిలినదానిని భద్రపరుపవలెను. ఆ చేతిపనిని పదిమందికి చెప్పి, వారి పేరు నిలుపవలెను. క్షమాపణము వినువారు లేకున్నను, ఋణము తీర్చుకొను మార్గము లేకపోలేదు.

కొలువులో దేవుని బొమ్మ విరిగిన అరిష్టమను భయమును కొందరికి కలదు. దీనిని గూడ విచారింపవలెను. ప్రతిష్ఠింపబడి, ఆరాధనలందుకొనుచున్న అర్చామూర్తికి హాని కలిగినచో, జీర్ణోద్ధారవిధులను ఆగమములు చెప్పినవి. అచ్చట అర్చకులను, ఆచార్యులను ఆశ్రయింపవలెను. కొలువుబొమ్మ అట్టిది కాదు. అది అలంకారము, ఆనందము, పిల్లలకు పురాణకథలు చెప్పుకొను సాధనము. దాని చేయి విరిగినంత మాత్రమున స్వామికి కోపము రాదు. ఆ కారణముగ స్నేహితులు పలుకరించుకొనుట మానినచో, అదియే అరిష్టము.

పగిలినదానిని స్వామి ఎట్లు చూచునో తిరుమల నైవేద్యవిధానమే తెలుపుచున్నది. ఎన్నియో విధములైన ప్రసాదములు ఆ ఆలయమున సిద్ధమగుచున్నను, కులశేఖరపడి దాటి స్వామి కడకు పోవునది పగిలిన క్రొత్త మట్టికుండలోని పెరుగన్నము మాత్రమేనని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. దానినే ఓడు అందురు. లోకము ఓటికుండయని పెరటిలో పారవేయుదానిని వేంకటాద్రినాథుడు తన గడపలోనికి రానిచ్చుచున్నాడు.

కొండపల్లి బొమ్మలో చేయి మొదటినుండియు వేరుగ చెక్కి మక్కుతో అతికినదే. విరిగినచో అదే మక్కుతో మరల అతుకవచ్చును. పైన సున్నము పూసి, రంగు దిద్దవచ్చును. అయితే ఆ అతుకు పెట్టవలసినది చేసినవారి చేయి. బొమ్మను దాచినవారికి ఆ చేయి అందదు. తెచ్చి యిచ్చినవారికి అందును. స్నేహితురాండ్రిద్దరును కూర్చుండి, ఒకరు బొమ్మను పట్టుకొనగా మరియొకరు అతికినచో, ఆ సంక్రాంతికి కొలువులో నిలిచిన కృష్ణుడు పూర్వముకంటె మిన్నగ ప్రకాశించును. చూడవచ్చిన పిల్లలకు ఆ అతుకును చూపి, దాని కథను గూడ చెప్పుకొనవచ్చును.

కావున భక్తులు స్వామిసన్నిధికి పోవుటకు ముందు ఒక్క క్షణము ఆలోచింపవలెను. తమవలన పగిలినదేదైనను, తాము దాచినదేదైనను కలదా? దానిని చేసినవారి యిల్లు ఎచ్చటనున్నది? కలదని తోచినచో మొదట ఆ యింటి గడప త్రొక్కి, పిదప స్వామి గడప త్రొక్కుట మేలు. అట్లు వచ్చినవారు అర్పించు తులసిదళమును స్వామి ప్రీతితో స్వీకరించును. తనను ఆశ్రయించినవారు ఒకరితోనొకరు కలసియుండుటకంటె, ఆ శ్రియఃపతికి ప్రియమైన కైంకర్యము మరియొకటి లేదు.